క్యాసెట్టు దొరికితే చాలదు

పాత కంప్యూటర్ ఆట మళ్లీ తెర మీదికి రావాలంటే మూడు కావాలి. ఆట నిండిన క్యాసెట్టో ఫ్లాపీయో ఒకటి. దాన్ని ఆడించే యంత్రం రెండోది. ఆ యంత్రం మొరాయిస్తే దారికి తెచ్చే పనితనం మూడోది. మొదటి రెండూ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎవరో దాచి ఉంచారు. మూడోది మనుషుల చేతుల్లో ఉంటుంది, వాళ్లు పోతే వాళ్లతోపాటే పోతుంది. బందరుకీ పామర్రుకీ మధ్య, మా గూడూరులో రేడియోలు, టీవీలు బాగుచేసి బతికినవాణ్ణి నేను. మా డెల్టాలో ఈ యంత్రాలు ఎలా వచ్చాయో, వాటితో మెకానిక్కులు ఎలా కుస్తీ పట్టారో ఎవరూ రాయలేదు. తెలిసినంత నేను రాస్తున్నాను.

బడి దారిలో ఒకటి, చుట్టాల పెట్టెలో ఒకటి

1981 డిసెంబరు 1న బ్రిటన్‌లో బీబీసీ మైక్రో విడుదలైంది. ప్రజలకు కంప్యూటర్ నేర్పాలని బీబీసీ ఒక అక్షరాస్యతా పథకం పెట్టుకుంటే, దానికి తగిన యంత్రాన్ని కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీ చేసి ఇచ్చింది. లోపల 6502 ప్రాసెసర్, మోడల్ బి రకంలో 32 కిలోబైట్ల మెమరీ. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటో దానిలో పట్టదు.

ఆ యంత్రమే మన దేశానికి బడి దారిలో వచ్చింది. 1984-85లో కేంద్రంలోని ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టాయి. కంప్యూటర్ లిటరసీ అండ్ స్టడీస్ ఇన్ స్కూల్స్ అని దాని పూర్తి పేరు. తొలి విడతలో దేశం మొత్తం మీద 250 బడులకు బీబీసీ మైక్రోలు ఇచ్చారు. తర్వాత అది రెండు వేలకు పైగా బడులకు పాకింది. ఇదే యంత్రాన్ని మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ ‘యూనికార్న్’ పేరుతో మన దేశంలోనే తయారుచేసింది. ఆ సంస్థ చిప్పుల కర్మాగారం 1989లో అగ్నిప్రమాదానికి గురైంది. పథకం పాతబడ్డాక ఈ యంత్రాల్లో చాలావాటికి బడుల స్టోరు గదులే గతి అయ్యాయి. నా బల్ల మీదికి వచ్చిన బీబీసీ మైక్రోలు అలాంటి గదుల్లోంచి, పాత సామాను వేలంలోంచి వచ్చినవే.

రెండో దారి చుట్టాల పెట్టె. మన డాక్టర్లు ఇంగ్లండు ఆస్పత్రుల్లో ఉద్యోగాలకు వెళ్లిన కాలం అది. బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు అలాంటి డాక్టరు ఒకరైనా లేని పెద్ద కుటుంబం అరుదు. సెలవులకు వచ్చేటప్పుడు మేనల్లుడి కోసం తెచ్చే వస్తువుల్లో సింక్లెయిర్ కంపెనీ స్పెక్ట్రం ఒకటి. 1982 ఏప్రిల్ 23న వచ్చిన ఈ చిన్న నల్లటి డబ్బాలో 48 కిలోబైట్ల రకం ధర అక్కడ 175 పౌండ్లు. లోపల జడ్80 ప్రాసెసర్, పైన రబ్బరు మీటలు. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని ‘డీబీ స్పెక్ట్రం ప్లస్’ పేరుతో మన దేశంలోనే అమ్మింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ తన కంప్యూటర్ వ్యాపారాన్ని ఆమ్‌స్ట్రాడ్ కంపెనీకి 50 లక్షల పౌండ్లకు అమ్మేసుకుంది. ఇక్కడ కొత్తగా కొన్నవాళ్లకు, అక్కడ కంపెనీ చేతులు మారిన సంగతి కూడా తెలియదు.

బొమ్మే రాని రోజులు

గూడూరులో మొదటి అడ్డంకి ఆటతో రాలేదు, టీవీతో వచ్చింది. స్పెక్ట్రం తన బొమ్మను బ్రిటిష్ టీవీల కోసం యూహెచ్ఎఫ్ 36వ ఛానెల్ మీద పంపుతుంది. మన దూరదర్శన్ వీహెచ్ఎఫ్‌లో వచ్చేది, ఇళ్లలో ఉన్న ఈసీటీవీ, డయనోరా, సాలిడేర్ సెట్లలో చాలావాటికి వీహెచ్ఎఫ్ ట్యూనరే ఉండేది. ఛానెల్ బొత్తం పన్నెండు మెట్లు తిప్పినా తెర మీద చుక్కలు తప్ప మరేమీ రాదు. వేలు పోసి తెచ్చిన వస్తువు పాడైపోయిందని ఇంటివాళ్లు దిగులు పడేవారు. యంత్రం మాత్రం నిక్షేపంగా పనిచేస్తూ ఉండేది.

దీనికి విరుగుడు మా మెకానిక్కులకు తెలుసు. స్పెక్ట్రంలో మాడ్యులేటర్ అనే చిన్న రేకు డబ్బా ఉంటుంది. దానిలోకి వెళ్లే వీడియో సిగ్నల్‌ని లోపలికి వెళ్లకముందే పట్టుకుని నేరుగా సాకెట్టుకి ఇస్తే చాలు. వీడియో క్యాసెట్ ప్లేయర్ పెట్టుకోవడానికి ఏవీ సాకెట్ ఉన్న సెట్టయితే బొమ్మ అద్దంలా వచ్చేస్తుంది. ఆ సాకెట్ లేని సెట్లతోనే ప్రమాదం. వాటిలో చాలావాటి చాసిస్‌కే కరెంటు పారుతూ ఉంటుంది. వీడియో దశలోకి తిన్నగా తీగ కలిపితే కంప్యూటరూ పోతుంది, మీటల మీద చేయి పెట్టిన పిల్లవాడి ప్రాణం మీదికీ వస్తుంది. మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టనిదే ఆ పనికి ఒప్పుకోకూడదని నాకు పని నేర్పిన బందరు గురువుగారు కట్టడి చేశారు. ఇప్పటికీ పాత టీవీతో ఈ యంత్రాన్ని కలపాలనుకునేవారికి నేను చెప్పే మొదటి మాట అదే.

శబ్దం విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. బ్రిటన్‌లో టీవీ శబ్దం బొమ్మకి 6 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది, మన దగ్గర 5.5. ఆ తేడాతో శబ్దం రాకపోవాలి. కానీ 48 కిలోబైట్ల స్పెక్ట్రంలో శబ్దం టీవీలోంచి రాదు, దాని లోపలున్న చిన్న స్పీకరులోంచే వస్తుంది. బీబీసీ మైక్రోకి కూడా సొంత స్పీకరే.

ఇంకో ఉపద్రవం ఎడాప్టరు. స్పెక్ట్రంకి 9 వోల్టుల డీసీ కావాలి, అయితే పిన్ను మధ్యలో నెగటివ్ ఉండాలి. బజారులో దొరికే ఎడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యలో పాజిటివ్. పిన్ను సరిగ్గా పట్టింది కదా అని పెట్టేస్తే లోపల ఉల్టా కరెంటు పడుతుంది. మెమరీ చిప్పులకు 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు తయారుచేసే ట్రాన్సిస్టర్ ముందుగా పోతుంది, వెంట మెమరీని తీసుకుపోతుంది. బీబీసీ మైక్రోది వేరే కథ. దాని పవర్ సప్లైలో కరెంటులోని రొదను వడగట్టే కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిచ్చి తేమ పీలుస్తాయి. చాలాకాలం తర్వాత స్విచ్చు వేసిన కాసేపటికి ఢామ్మని పేలి గదినిండా పొగ పెడతాయి. మా సముద్రపు గాలిలో నిలవున్న బీబీసీ మైక్రో ఏదైనా సరే, ఆ కెపాసిటర్లు మార్చకుండా ప్లగ్గు పెట్టకూడదు.

చెవితో చేసే వైద్యం

స్పెక్ట్రంలో జె మీట నొక్కితే ‘లోడ్’ అనే మాట మొత్తం తెర మీద పడుతుంది. దాని పక్కన రెండు కొటేషన్ గుర్తులు పెట్టి ఎంటర్ కొట్టి, టేపు రికార్డరులో క్యాసెట్టు ప్లే చేయాలి. మొదట ఒకటే సన్నని స్వరం వినిపిస్తుంది. తెర అంచున ఎరుపు, లేతనీలం చారలు నిదానంగా జరుగుతుంటాయి. కాసేపటికి స్వరం గరగరలాడుతుంది, చారలు నీలం, పసుపు రంగుల్లోకి మారి సన్నబడతాయి. పెద్ద ఆట ఎక్కడానికి అయిదు నిమిషాల దాకా పడుతుంది. మధ్యలో ఒక్క బైటు తేడా వచ్చినా చివరికి ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’ అని పడుతుంది. మళ్లీ మొదటినుంచీ ఎక్కించాల్సిందే.

ఘంటసాల పాటల క్యాసెట్టయితే హెడ్డు కాస్త వంకరైనా చెవి సర్దుకుంటుంది. కంప్యూటర్ సర్దుకోదు. ఇంగ్లండులో ఏ రికార్డరు మీద ఆ క్యాసెట్టు నింపారో, దాని హెడ్డు ఏ కోణంలో ఉందో, ఇక్కడి టూ ఇన్ వన్ హెడ్డు కూడా అదే కోణంలో ఉండాలి. హెడ్డు పక్కన చిన్న స్ప్రింగు మీద ఒక స్క్రూ ఉంటుంది. క్యాసెట్టు ఆడుతుండగానే సన్న స్క్రూడ్రైవరుతో దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ, కీచుదనం అన్నిటికన్నా పదునుగా వినిపించే చోట ఆపాలి. ‘ముందు చెవిపెట్టి విను అబ్బాయ్, తర్వాత స్క్రూడ్రైవరు పట్టుకో’ అనేవారు గురువుగారు. పాటల క్యాసెట్టుకి మళ్లీ పాత కోణం కావాలి కాబట్టి, తిప్పేముందు స్క్రూ మీద గుర్తు పెట్టుకోవడం మా పద్ధతి.

డెల్టా తేమ క్యాసెట్టుకి మరో శత్రువు. ముసురు పట్టిన నెలల్లో టేపు చుట్టల అంచుల మీద తెల్లటి బూజు కడుతుంది. టేపుని హెడ్డుకి అదిమిపెట్టే చిన్న ఫెల్టు ముక్క జిగురు వదిలి ఊడిపోతుంది. అది లేకపోతే శబ్దం లేస్తూ పడుతూ ఉంటుంది, ఆట ఎక్కనే ఎక్కదు. అలాంటప్పుడు టేపుకేమీ కాలేదని గ్రహించడమే పెద్ద పని. అయిదు స్క్రూలున్న మరో క్యాసెట్టు పెంకు తెచ్చి, రెండు చుట్టలనూ దానిలోకి మార్చి, మొదటి నుంచి చివరికి ఒకసారి నిదానంగా తిప్పితే బతుకుతుంది. అంటించేసిన పెంకులైతే అంచు వెంబడి జాగ్రత్తగా చీల్చాలి. నకళ్లు సీ-90 మీద తీసినవైతే ఇంకా నెమ్మదిగా చేయాలి, ఆ టేపు సీ-60 కన్నా పలచన, తేలిగ్గా సాగిపోతుంది.

ఈ విషయంలో బీబీసీ మైక్రో దయగలది. అది సమాచారాన్ని 256 బైట్ల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకి తనిఖీ అంకె చేర్చి టేపులో రాస్తుంది. తప్పు వస్తే ‘డేటా?’ అనో ‘బ్లాక్?’ అనో అడిగి టేపు వెనక్కి తిప్పమంటుంది. చెడిన ముక్క దగ్గరికి తిప్పి మళ్లీ ప్లే చేస్తే అక్కణ్ణుంచే అందుకుంటుంది.

బాగున్న యంత్రంలో ఆడని ఆట

అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టే రకం మరొకటుంది. క్యాసెట్టు బాగుంటుంది, యంత్రం బాగుంటుంది, ఆట మాత్రం ఆడదు. బడుల బీబీసీ మైక్రోల్లో కొన్నిటికి ఫ్లాపీ డ్రైవు ఉండేది. డ్రైవు నడిపే ప్రోగ్రాము తన అవసరానికి కొంత మెమరీ ఆక్రమించుకుంటుంది. క్యాసెట్టు మాత్రమే ఉన్న యంత్రంలో ప్రోగ్రాములు 3,584వ బైటు దగ్గర మొదలైతే, డ్రైవు ఉన్నదానిలో 6,400వ బైటు దగ్గర మొదలవుతాయి. అంటే 2,816 బైట్లు చేయి జారినట్టు. రంగుల తెరకే 20 కిలోబైట్లు పోయే యంత్రంలో అది చిన్న నష్టం కాదు. క్యాసెట్టు యంత్రం కోసం చివరి బైటు దాకా వాడుకుని రాసిన ఆట ఖరీదైన యంత్రంలో కుప్పకూలుతుంది. ఆటని పైన ఎక్కించి, డ్రైవు ప్రోగ్రాముని పక్కన పెట్టి, ఆటని కిందికి జరిపి నడిపే నాలుగు వరసల చిన్న ప్రోగ్రాము దీనికి మందు.

స్పెక్ట్రంలో బోర్డు తరం చూడాలి. రెండో తరం బోర్డుకీ మూడో తరం బోర్డుకీ మీటల పోర్టు చదివినప్పుడు వచ్చే ఒక బిట్టులో తేడా ఉంది. రెండో తరం కాలంలో ఆ బిట్టుని కూడా కలిపి లెక్కవేసిన ఆటలు మూడో తరంలో మీట నొక్కినా కదలవు. మీటలే పాడయ్యాయనుకుని కీబోర్డు కింద పొరను మార్చినా ఫలితముండదు.

ఇక నకళ్లు తీయకుండా ఆటలకు వేసిన తాళాలు. ‘జెట్ సెట్ విల్లీ’ 1984లో వచ్చినప్పుడు దానితో రంగుల గళ్ల అట్ట ఇచ్చారు. ఆట ఎక్కాక ఫలానా గడిలో రంగులేమిటని అడుగుతుంది. అట్ట లేకపోతే ఆట లేదు. పైగా ఆ ఆటలోనే ఒక లోపముంది. అటకగదిలో అడుగు పెట్టాక మెమరీలో వేరే గదుల సమాచారం చెడి, ఆట పూర్తిచేయడం అసాధ్యమయ్యేది. దాన్ని సరిచేయడానికి మెమరీలో వేయాల్సిన ‘పోక్’ అంకెలు తర్వాత ప్రకటించారు. స్పెక్ట్రం ‘ఎలైట్’కి 1985లో లెన్స్‌లాక్ అనే ప్లాస్టిక్ కటకం ఇచ్చారు. తెర మీద చెదిరిన అక్షరాలను దానిలోంచి చూసి చదవాలి. తెర వెడల్పుని బట్టి కొలత సరిచేసుకోవాలి కాబట్టి, మన పెద్ద పిక్చర్ ట్యూబుల ముందు అది తంటా. కొన్ని పెట్టెల్లో వేరే ఆట కటకం పెట్టి పంపిన ఉదంతమూ ఉంది. పాత ఆట వెతికేవారు క్యాసెట్టుతోపాటు పెట్టె, అట్ట, కాగితం, కటకం అన్నీ అడగాలని నేను పోరు పెట్టేది ఇందుకే.

అసలు ‘ఎలైట్’ పుట్టింది బీబీసీ మైక్రో మీద. కేంబ్రిడ్జి విద్యార్థులు డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ 1984లో దాన్ని రాశారు. ఎనిమిది నక్షత్రమండలాలు, ఒక్కోదానిలో 256 లోకాలు. వాటిని దాచడానికి చోటు లేక, కొన్ని అంకెలిచ్చి అప్పటికప్పుడు పుట్టించే సూత్రం రాశారు. తెర పైభాగం ఒక పద్ధతిలో, కిందిభాగం మరో పద్ధతిలో గీయించి మెమరీ మిగిల్చారు. చోటు చాలనప్పుడు బుద్ధి ఎంత పదునెక్కుతుందో మా పిల్లలకు చూపించడానికి నాకు దీన్ని మించిన పాఠం దొరకలేదు. బీబీసీ మైక్రోని రూపొందించిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్లే 1985లో ఆర్మ్ ప్రాసెసర్‌ని తయారుచేశారు. మన జేబుల్లోని ఫోన్లు నడిచేది ఆ వంశపు చిప్పుల మీదే.

పల్లె దాకా వచ్చిన ఆటపెట్టె

1990ల్లో పరిస్థితి మారింది. జపాన్‌లో 1983 జులై 15న నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్‌కి నకళ్లు మన బజార్లను ముంచెత్తాయి. వాటి లోపలున్నదీ 6502 కుటుంబపు ప్రాసెసరే. బడిలో అద్దాల గదిలో తాళం వేసి ఉంచిన చిప్పు తమ్ముడు ఇప్పుడు బందరు కోనేరు సెంటర్ బడ్డీల్లో, తిరునాళ్లలో దొరికాడు. యాంటెన్నా సాకెట్టులో పెడితే మన వీహెచ్ఎఫ్ టీవీలోనే బొమ్మ వచ్చేది. ‘సూపర్ మారియో’, ‘కాంట్రా’ ఆడని కుర్రాడు ఊళ్లో లేడు. గంటకింతని అద్దె కట్టి ఆడించే షాపులు వెలిశాయి. కీబోర్డు తగిలించి, బేసిక్ భాష కూడా ఉన్న రకాలు ‘కంప్యూటర్’ పేరుతో వచ్చాయి. మన దేశపు మధ్యతరగతి ఇళ్లలో ఇలాంటి టీవీ కంప్యూటర్లను చూసే, వాటి మీద చదువు నేర్పే ఆటలు చేయవచ్చని 2008లో అమెరికాలోని ఎం.ఐ.టి. సదస్సులో ఒక బృందం పని మొదలుపెట్టింది.

వీటి రోగాలు వేరు. యంత్రంలో దూర్చే ఆట పెట్టెకి అరవై పిన్నులు. మీద బంగారు పూత చిలకలపూడి నగల మీద పూతంత పలచన. ఆట రాకపోతే పిల్లలు నోటితో ఊదేవారు, ఆ తడికి పిన్నులు ఇంకా నల్లబడేవి. రబ్బరుతో గట్టిగా రుద్దితే పూత పోయి రాగి బయటపడుతుంది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి ఆరనివ్వడమే సరైన పని. లోపల చిప్పు బదులు నల్లటి లప్పం ముద్ద ఉన్న పెట్టె చెడితే దానికి వైద్యం లేదు. అందుకే బాగున్నప్పుడే లోపలి సమాచారాన్ని చదివి దాచుకోవాలి.

ఇప్పుడు వెతికేవారికి

బయటి దేశాల్లో ఆటలను దాచే ఈ పని పద్ధతిగా జరిగింది. స్పెక్ట్రం ఆటలన్నిటినీ ఒకచోట చేర్చే ‘వరల్డ్ ఆఫ్ స్పెక్ట్రం’ 1995లో మొదలైంది. 1997లో వచ్చిన టీజడ్ఎక్స్ ఫైలు పద్ధతి క్యాసెట్టులోని శబ్దపు పొడవులను కూడా దాచగలదు. మామూలు వేగానికి భిన్నంగా ఎక్కే తాళాల ఆటలకు ఇది తప్పనిసరి, పాత ట్యాప్ పద్ధతి చాలదు. మీ అటకమీద క్యాసెట్టు దొరికితే ముందు హెడ్డు సరిచేసి, ఏ మార్పూ లేకుండా వేవ్ ఫైలుగా రికార్డు చేసి ఉంచండి. మార్చుకోవడం తర్వాతైనా చేయవచ్చు. బీబీసీ ఫ్లాపీలు మామూలు పీసీ డ్రైవుల్లో చాలావాటికి అర్థం కావు. అవి సింగిల్ డెన్సిటీలో రాసినవి. చదవలేదని పారేయకండి.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు మన కాపీరైట్ చట్టంలోకి వచ్చాయి, రచయిత పోయిన 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. కంపెనీ మూతపడినంత మాత్రాన ఆట అనాథ కాదు. హక్కుదారులు కొందరు ఉదారంగా ఉన్నారు. స్పెక్ట్రం రోమ్ ప్రోగ్రాముని, ఇప్పటి కంప్యూటర్లలో పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్లతో పంచుకోవచ్చని ఆమ్‌స్ట్రాడ్ 1999లో ఒప్పుకుంది. తన ‘ఎలైట్’ ప్రతులను ఇయాన్ బెల్ అందరికీ అందుబాటులో పెట్టారు. అలా అనుమతి ఉన్నవాటిని వాడుకుందాం, మిగిలినవాటికి అసలు క్యాసెట్టు వెతుకుదాం.

ఫైళ్లు దాచినవాళ్లు తమ వంతు చేశారు. తెర మీద చుక్కలొస్తే ఏం చేయాలి, మన కరెంటుకి ఏ పిన్ను, మన తేమకి ఏ మందు అన్న జ్ఞానం మన మెకానిక్కుల దగ్గరే ఉంది. వారిలో చాలామంది పెద్దవాళ్లయ్యారు. పని మానేసి పొలాలకో, పిల్లల దగ్గరికో వెళ్లిపోయారు. నాకు పని నేర్పినవారి మాటల్లో గుర్తున్నవి రాసి పెడుతున్నాను. ఎవరైనా యంత్రం తెస్తే బాగుచేసి ఇవ్వడంతో ఊరుకోవడం లేదు. ‘బాబాయ్ గారూ, ఆడుతోంది కదా, ఇక తీసుకెళ్తాను’ అంటే, కాసేపు కూర్చోబెట్టి బోర్డు తరం, వోల్టేజీ, పిన్ను దిశ, మార్చిన భాగం, ఎక్కని ఆట ఎలా ఎక్కిందో వారి చేతే తెలుగులో రాయించి, ఒక ప్రతి నా దగ్గర ఉంచుకుంటున్నాను. పెడన, పామర్రు, అవనిగడ్డల్లో ఉన్న పాత మెకానిక్కులను వారి మనవలు ఇలాగే కూర్చోబెట్టి రాసుకుంటే, మన డెల్టాలోకి కంప్యూటర్ వచ్చిన చరిత్ర మన మాటల్లో నిలుస్తుంది. అడిగి రాసుకోవాల్సింది వాళ్లు చెప్పగలిగిన ఈ రోజుల్లోనే.